సన్నతీగ తెచ్చిన పెద్ద పని

మా వూరు విజయనగరం. 1919లోనే సంగీత కళాశాల వెలసిన వూరు. ఇక్కడ పుట్టి పెరిగినవాడికి సంగీతమంటే కొంత అభిమానం, కొంత అతిశయం వుండక తప్పదు. నాలో రెండోది పాలు యెక్కువ.

అటువంటి నా యింట్లోకి కిందటి వేసవిలో ఎలక్ట్రిక్ గిటారు ప్రవేశించింది. మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. చదువు ముగించుకుని వూరు వదిలిపోతున్న వొక సీనియర్ దగ్గర, తాను దాచుకున్న డబ్బుతో పాత గిటారు కొని తెచ్చుకుంది.

"కరెంటు పెడితేగాని పలకని వాద్యం కూడా వొక వాద్యమేనా?" అన్నాను.

మా ఆవిడ వంటింట్లోంచే అందుకుంది. "పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మేండలిన్‌కి కరెంటు పెట్టే కదండీ కర్ణాటక సంగీతం వాయించాడు! అప్పుడు మీరు రేడియో ముందు కూర్చుని తల వూపలేదూ?"

సంగీతం విషయంలో మా ఆవిడతో వాదించకూడదని నాకు తెలుసు. ఆమె పుట్టిల్లు బొబ్బిలి. ఒకే పనసదుంగలోంచి తొలిచిన వీణ వొకటి పుట్టింటి నుంచి తెచ్చుకుంది. అది మా అటక మీద వుంది. ఎందుకు వుందో తరువాత చెబుతాను.

అమ్మాయి మూడు వారాలు పట్టుదలగా సాధన చేసింది. నాలుగో వారానికి ఎడమచేతి వేళ్ల చివరలు బొబ్బలెక్కాయి. ఒకనాడు అన్నం కలుపుకోవడానికి కుడిచేయి సరే, గిన్నె పట్టుకోవడానికి ఎడమచేయి రాలేదు. నేను అధ్యాపకుణ్ణి గదా, సాధన మహిమ మీద పావుగంట వుపన్యసించాను. అంతా విని మా ఆవిడ, "మీరొక్కసారి ఆ తీగ నొక్కి చూడండి" అంది.

నొక్కాను. వేలు తెగుతుందా అనిపించింది. వుపన్యాసం అక్కడితో ఆగిపోయింది.

మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి అడిగాను. గిటారు తీగల లావు అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన చెబుతారట. అన్నింటికంటె సన్నని తీగ వెయ్యింట పదకొండు వంతులుంటే అది పదకొండు నంబరు జత, తొమ్మిది వంతులుంటే తొమ్మిది నంబరు జత. మా గిటారుకు వున్నది పదకొండు. పదకొండుకీ తొమ్మిదికీ తేడా యెంతని నవ్వాను. ఆయన నవ్వలేదు. కాగితం తీసుకున్నాడు.

ఫ్రాన్సులో మెర్సెన్ అనే మతగురువు 1636లో తీగల సూత్రాలు గ్రంథస్థం చేశాడట. పొడవూ, శ్రుతీ మారకుండా వుంటే తీగను లాగి వుంచవలసిన బలం దాని మందానికి కాదు, మందం వర్గానికి అనుగుణంగా మారుతుంది. పదకొండు వర్గం నూట యిరవై వొకటి. తొమ్మిది వర్గం యెనభై వొకటి. అంటే బలంలో మూడోవంతు తగ్గుతుంది. ఇరవై అయిదున్నర అంగుళాల తీగ పొడవున్న మా గిటారులో ఆ వొక్క సన్నతీగే దాదాపు 9 కిలోల బరువుతో లాగుతోంది. తొమ్మిది నంబరైతే 6 కిలోలు చాలు. ఆరు తీగలూ కలిపితే పాత జత లాగుడు 50 కిలోలు దాటుతుంది, కొత్తది 38 కిలోలకు అటూయిటూ వుంటుంది.

పిల్ల వేళ్ల మీద యింత బరువు మోపి నేను సాధన గురించి చెప్పానా అని సిగ్గేసింది.

సన్నతీగలు వాడితే చిన్నతనమేమో అన్న అనుమానం అమ్మాయికి వచ్చింది. ఆ అనుమానం తీర్చే కథ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో దొరికింది. టోనీ అయోమీ అనే కుర్రవాడు 1965లో, పదిహేడేళ్ల వయస్సులో, రేకుల కర్మాగారంలో పనిచేస్తూ కుడిచేతి నడిమి రెండు వేళ్ల చివరలు యంత్రంలో పోగొట్టుకున్నాడు. అతను ఎడమచేతి వాటం మనిషి. తీగలు నొక్కవలసింది ఆ కుడిచేతి వేళ్లే. అతను ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. నొక్కడానికి తేలికగా వుండాలని బాంజో తీగలు తెచ్చి గిటారుకు బిగించుకున్నాడు. తరువాత అతని బృందం బ్లాక్ సబ్బాత్ వాయించిన సంగీతానికి లోకం హెవీ మెటల్ అని పేరు పెట్టింది. ఎంతో బరువైన ఆ సంగీతం సన్నతీగల మీదనే పుట్టింది.

ఆ రోజుల్లో సన్నతీగల జతలు దొరకడం అరుదు. అమెరికాలో ఎర్నీ బాల్ అనే దుకాణదారు, కొత్తగా నేర్చుకునే పిల్లలు లావాటి మూడో తీగతో అవస్థ పడటం చూసి, 1962లో తేలికపాటి జతలు తానే తయారు చేయించి అమ్మడం మొదలుపెట్టాడు. నేడు అటువంటివి మామూలు అయిపోయాయి.

తొమ్మిది నంబరు జత తెప్పించి, ఒక ఆదివారం నేనే మార్చేశాను. పాతవి విప్పడం, కొత్తవి బిరడాలకు చుట్టడం, శ్రుతి చేయడం. గంటలో పని ముగించి కాఫీ అడిగి తాగాను.

సాయంత్రానికే తెలిసింది. ఏ మెట్టు మీద నొక్కినా తీగ బుర్రుమంటోంది. పై మెట్లకు వెళ్లేసరికి అపశ్రుతి. అమ్మాయి కాసేపు ప్రయత్నించింది. తరువాత మెల్లగా గిటారును సంచిలో పెట్టి జిప్పు లాగింది.

"నాన్నా, దీన్ని కూడా అటక మీద పెట్టెయ్. అమ్మ వీణకు తోడుగా వుంటుంది."

కోపంగా అనివుంటే బాగుండేది. మామూలుగా అంది. మా ఆవిడ తల యెత్తలేదు.

మర్నాడు మా వీధి చివర చర్చిలో గిటారు వాయించే కుర్రవాణ్ణి బతిమాలి తీసుకువచ్చాను. అతను గిటారును కంటి యెత్తున పట్టుకుని మెడ పొడుగునా చూసి, "మాస్టారూ, తీగలు మార్చారు. గిటారును మార్చలేదు" అన్నాడు.

అతను చెప్పినది నాకు అర్థమైనంతవరకు యిది. గిటారు మెడను ఆరు తీగలూ ముందుకు లాగుతుంటాయి. ఆ లాగుడుకు మెడ వంగిపోకుండా కర్ర లోపల ఉక్కు కడ్డీ వొకటి వుంటుంది. దాన్ని ట్రస్ రాడ్ అంటారు. వెనుక అరలో స్ప్రింగులు బ్రిడ్జిని ఇంకోవైపు లాగుతుంటాయి. ఇన్నాళ్లూ 50 కిలోలకు సరిపోయేట్టు బిగించిన కడ్డీ, స్ప్రింగులు అలాగే వున్నాయి. ఎదుటివైపు నేను పన్నెండు కిలోల పైన తగ్గించాను. తాడులాటలో వొకవైపు యిద్దరు మనుషులు వదిలేసినట్టు, మెడ వెనక్కి వాలింది, బ్రిడ్జి కిందికి దిగింది, తీగలు మెట్లను తాకుతున్నాయి. బుర్రుమనక యేం చేస్తాయి?

వినగానే నాకు నా పాఠం గుర్తుకొచ్చింది. ఉత్పలమాలలో మొదటి గురువును తీసి రెండు లఘువులు పెడితే చంపకమాల అవుతుంది. మారింది వొక్క అక్షరమే. కాని యతిస్థానం పదో అక్షరం నుంచి పదకొండుకు జరుగుతుంది. గణాల పేర్లన్నీ మారిపోతాయి. యేటా తరగతిలో చెబుతూనే వున్నాను. యింట్లో మరచిపోయాను.

ఆ అబ్బాయి పని చేసిన వరస చెబుతాను. యింట్లో గిటారున్న వారికి పనికివస్తుంది. ముందు శ్రుతి చేశాడు. వెనుక మూత విప్పి, స్ప్రింగులను పట్టివుంచిన రెండు స్క్రూలను కొద్దికొద్దిగా వదులు చేసి, బ్రిడ్జి మళ్లీ తన స్థానానికి లేచేదాకా ఆగాడు. మళ్లీ శ్రుతి. తరువాత మొదటి మెట్టు మీదా, చివరి మెట్టు మీదా తీగను నొక్కిపట్టి, నడుమ యెనిమిదో మెట్టు దగ్గర సందు చూశాడు. తీగ కదిలేటప్పుడు మధ్యభాగమే యెక్కువ వూగుతుంది కనుక మెడకు కాస్త పల్లం వుండాలి. సందు మిల్లీమీటరులో పావువంతు, సుమారు విజిటింగ్ కార్డు మందం. మా దానికి అసలు సందే లేదు. చిన్న అలెన్ కీతో కడ్డీని ఎడమవైపుకు పావుచుట్టు వదిలాడు. "పావుచుట్టు కంటె యెక్కువ వొకేసారి తిప్పకూడదు మాస్టారూ. బలవంతం అసలు చేయకూడదు" అన్నాడు. మళ్లీ శ్రుతి. పదిహేడో మెట్టు దగ్గర తీగ యెత్తు మిల్లీమీటరున్నర పైచిలుకు వుండేట్టు సరిచేశాడు.

ఆఖరున అపశ్రుతి సంగతి. పన్నెండో మెట్టు తీగకు సరిగ్గా సగం. అక్కడ తీగను నొక్కకుండా వూరికే తాకి మీటితే వొక స్వరం, నొక్కి మీటితే వొక స్వరం. రెండూ వొకటిగా వుండాలి. నొక్కినప్పుడు తీగ కాస్త సాగి స్వరం పెరుగుతుంది. లావు తీగలో ఆ పెరుగుదల యెక్కువ. అందుకే బ్రిడ్జి మీద ఒక్కో తీగకు ఒక్కో చిన్న పీట వుంటుంది. నొక్కిన స్వరం హెచ్చితే పీట వెనక్కి, తగ్గితే ముందుకు జరపాలి. లావు తీగల కోసం వెనక్కి జరిపివున్న పీటలను అతను వెంట్రుకవాసి చొప్పున ముందుకు జరిపాడు.

అంతవరకూ గుమ్మంలో నిలబడి చూస్తున్న మా ఆవిడ హఠాత్తుగా అంది. "దీనికి మెట్లు కదలవు గనుక తీగ పొడవు మారుస్తున్నావన్న మాట. వీణకైతే మెట్లే మైనంలో వుంటాయి. మైనం కరిగించి మెట్టునే జరుపుతారు."

ఆ అబ్బాయి పని ఆపి, "ఎన్ని మెట్లండీ?" అని అడిగాడు.

"ఇరవై నాలుగు."

"అన్నీ చేత్తోనేనా?"

"చేత్తోనూ, చెవితోనూ" అంది. ఆ గొంతులో గర్వం నేను విని చాలా కాలమైంది.

ఇప్పుడు అటక సంగతి చెప్పాలి. అమ్మాయి పుట్టిన కొత్తలో, వో యెండాకాలం, వీణ మీద మైనం మెత్తబడి మెట్లు జారాయి. స్వరాలు తప్పాయి. మేళం కట్టించాలని ఆమె అడిగింది. "చూద్దాంలే" అన్నాను. నేను కాదనలేదు, ఆమె మళ్లీ అడగలేదు. మా యింట్లో ఆ వీణ మూగపోవడానికి అంతకంటె పెద్ద కారణం యేమీ లేదు. పిల్ల పుట్టాక యింటి భారమంతా ఆమె వైపు పడింది. నా వైపు నేనేమీ సవరించుకోలేదు. ఉక్కు కడ్డీలాగా బిగిసి వున్నాను.

గిటారు చేతికివ్వగానే అమ్మాయి రెండో తీగ నొక్కి పక్కకు లాగింది. స్వరం మెట్టు దిగకుండానే పైకి పాకింది. వీణ మీద గమకానికి తీగను లాగినట్టే. బుర్రుమన్న చప్పుడు లేదు. వేళ్ల బొబ్బలు ఆ వారంలో ఆరాయి.

మరుసటి ఆదివారం నేను నిచ్చెన వేసి వీణను కిందికి దించాను. నలుగురం కలిసి దుమ్ము తుడిచాం; నాలుగో మనిషి ఆ చర్చి కుర్రవాడే. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసేవారి దగ్గరకు తీసుకువెళ్లాం. మైనం వేసి మెట్లు నిలబెట్టడానికి కొన్నాళ్లు పడుతుందన్నారు. మా ఆవిడ అక్కడే కూర్చుని, ఏ మెట్టు యే స్వరం దగ్గర తనను ఏడిపించేదో వారికి వొక్కొక్కటే చెప్పింది. పందొమ్మిదేళ్లయినా వొక్కటీ మరచిపోలేదు.

తిరుగు బస్సులో అమ్మాయి అడిగింది: "అమ్మా, నీ వీణా నా గిటారూ వొకే శ్రుతిలో పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు. కాని మీ నాన్నను ముట్టుకోనివ్వకు" అంది మా ఆవిడ.