పోలీసుస్టేషన్ నుంచి కబురొస్తే

పిల్లవాడికి జ్వరమొస్తే ఏం చెయ్యాలో, వంటింట్లో గ్యాసు వాసనొస్తే ఏం చెయ్యాలో మనకందరికీ తెలుసు. "మీ అబ్బాయిని స్టేషన్లో కూచోబెట్టారమ్మా" అని ఎవరైనా కబురు తెస్తే మాత్రం కాళ్ళూ చేతులూ ఆడవు. ఆ గాభరాలోనే చాలామంది చేతిగాజులు తాకట్టు పెట్టి, "నేను చూసుకుంటాలే వదినా" అన్న మనిషి చేతిలో డబ్బు పోస్తారు. అది ఎవరికి చేరిందో తరవాత అడుగుదామంటే రసీదు కూడా వుండదు. అందుకే ఈ వేళ ప్లీడరుని వెతుక్కోవడం గురించీ, బెయిలు గురించీ చెప్పుకుందాం. నేనేమీ న్యాయశాస్త్రం చదివినదాన్ని కాను, మీలాంటి ఇల్లాలినే. అయినా ఇవి ప్రతి ఇల్లాలికీ తెలియవలసిన సంగతులు.

కబురు తెచ్చిన మనిషిని ముందు మూడు ప్రశ్నలడగండి. ఏ స్టేషను? ఏ సెక్షను? ఏ కోర్టులో హాజరు పెడతారు? ఈ మూడూ తెలిస్తే సగం గాభరా తగ్గుతుంది.

మూడో ప్రశ్న ఎంత ముఖ్యమో మా డోర్నకల్ సంగతి చూస్తే తెలుస్తుంది. ఇది జంక్షను వూరు. ఒకవైపు రైలెక్కితే మహబూబాబాద్, రెండోవైపు ఎక్కితే ఖమ్మం. 2016 అక్టోబరు దాకా మేం వరంగల్ జిల్లా వాళ్ళం, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. 2022 జూన్‌లో న్యాయ జిల్లాలు కూడా కొత్తగా ఏర్పడి, జిల్లా కోర్టు మహబూబాబాద్‌కి వచ్చింది. పెద్దవాళ్ళు మాత్రం పాత అలవాటు కొద్దీ "హనుమకొండలో మనకి తెలిసిన ప్లీడరున్నాడు" అంటారు. చుట్టాలున్నారని ఖమ్మం పరుగెత్తే వాళ్ళూ వుంటారు. రైల్లోనో, ప్లాట్‌ఫారం మీదో జరిగిన గొడవైతే కేసు రైల్వే పోలీసుల చేతికి పోవచ్చు, అప్పుడు కోర్టే వేరే వూళ్ళో వుండవచ్చు. కాబట్టి ఎంత పేరున్న ప్లీడరన్నది తరవాత, ఆ కోర్టులో రోజూ కేసులు నడిపే ప్లీడరేనా అన్నది ముందు చూసుకోవాలి.

అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణానికి పట్టే సమయం తీసేసి, 24 గంటల లోపల మేజిస్ట్రేటు ఎదుట హాజరు పెట్టి తీరాలి. ఇది మన రాజ్యాంగం 22వ అధికరణంలో వున్న మాట. ఎందుకు పట్టుకున్నారో ఆ మనిషికి చెప్పాలి, ఇంట్లో వాళ్ళకు తెలియజెయ్యాలి, తనకు నచ్చిన ప్లీడరుని కలుసుకోనివ్వాలి. అరెస్టు చేసినట్టు ఒక కాగితం రాసి, దాని మీద సాక్షి సంతకం తీసుకోవాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆడవాళ్ళ విషయం కూడా గుర్తుంచుకోండి. పొద్దుగుంకిన తరవాత, తెల్లవారక ముందు స్త్రీని అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరి పరిస్థితి వస్తే మహిళా పోలీసు అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి.

ఇక ప్లీడరు గారి సంగతి. మన దేశంలో వకీళ్ళు ప్రకటనలు వేసుకోకూడదు. అందుకని గోడమీద బోర్డు చూసో, స్టేషను ముందు ఎదురొచ్చిన మనిషిని చూసో నమ్మవద్దు. కోర్టు ఆవరణలో బార్ అసోసియేషన్ గది వుంటుంది. అక్కడికి వెళ్ళి, క్రిమినల్ కేసులు చూసేవాళ్ళెవరో అడగండి. ఇద్దరు ముగ్గురితో మాట్లాడాకే ఒకరిని కుదుర్చుకోండి. బార్ కౌన్సిల్లో నమోదైన నంబరు అడగడం అవమానం ఏమీ కాదు. బెయిలు అర్జీకి ఎంత, తరవాత వాయిదాలకు ఎంత అన్నది ముందే విడివిడిగా మాట్లాడుకుని రసీదు తీసుకోండి. "బెయిలొస్తే ఇంత, రాకపోతే ఏమీ వద్దు" అనే బేరం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. "పైవాళ్ళకి ఇవ్వాలి" అని అడిగితే అక్కడితో నమస్కారం పెట్టి లేవండి. వకాల్తా మీద సంతకం చెయ్యవలసింది అరెస్టయిన మనిషి. ఖాళీ కాగితాల మీద మీరెవరూ సంతకాలు చెయ్యకండి.

డబ్బు లేకపోతేనో? 1987 నాటి న్యాయసేవా అధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్ళకూ, కస్టడీలో వున్నవాళ్ళకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. జిల్లా కోర్టు దగ్గర వున్న ఆ సంస్థ కార్యాలయానికి వెళ్ళవచ్చు, 15100 నంబరుకు ఫోనూ చెయ్యవచ్చు. ఆ ఫోనుకి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు బెయిలు. "ఎంత కడితే వదుల్తారు?" అని అడుగుతాం కదా, అక్కడే వుంది చిక్కు. బెయిలు అంటే కొనుక్కునే వస్తువు కాదు. "పిలిచినప్పుడు కోర్టుకి వస్తాను" అని ఇచ్చే మాట అది. ఆ మాటకు ఒకరో ఇద్దరో జామీను వుంటారు. వాళ్ళు మామూలుగా డబ్బు కట్టనక్కరలేదు. ఇంటిపన్ను రసీదో, పట్టాదారు పాసుపుస్తకమో, జీతం సర్టిఫికెట్టో చూపించి పూచీ రాసిస్తారు. ముద్దాయి రాకుండా పోతేనే ఆ సొమ్ము వాళ్ళ మెడకు చుట్టుకుంటుంది.

2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి కానీ అసలు పద్ధతి అదే. కొన్ని నేరాలకు బెయిలు హక్కు. జామీను ఇస్తే స్టేషన్లోనే వదిలిపెట్టాలి. జామీను తెచ్చుకోలేని పేదవాడైతే సొంత పూచీకత్తు మీద వదలాలి. వారం రోజులు గడిచినా జామీను దొరకలేదంటే ఆ మనిషి పేదవాడనే భావించాలని చట్టంలోనే వుంది. మిగతావి నాన్ బెయిలబుల్. ఆ మాట వినగానే ఏడవనక్కరలేదు. అంటే బెయిలే రాదని కాదు, ఇవ్వడం కోర్టు ఇష్టం అని. స్త్రీలనూ, జబ్బుగా వున్నవాళ్ళనూ మేజిస్ట్రేటు ప్రత్యేకంగా చూడవచ్చు. అక్కడ కాదంటే సెషన్స్ కోర్టు, ఆ పైన హైకోర్టు వున్నాయి. చార్జిషీటు 60 రోజుల్లో, పెద్ద నేరాలకైతే 90 రోజుల్లో వెయ్యకపోతే బెయిలు కోరే హక్కు పుడుతుంది. ఆ తేదీ లెక్క ప్లీడరు గారితోబాటు మీరూ వేసుకోండి.

జామీను దగ్గర పేదవాళ్ళు ఎలా చిక్కుకుంటారో 1978లో సుప్రీంకోర్టుకు వెళ్ళిన మోతీరాం కేసు చెబుతుంది. మధ్యప్రదేశ్‌లో ఆయనొక తాపీ మేస్త్రీ. బెయిలు వచ్చింది, కాని మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను అడిగారు. అన్నదమ్ముడు నిలబడతానంటే, ఆయనా ఆయన ఆస్తీ వేరే జిల్లాలో వున్నాయని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ గారు ఆ పద్ధతి తప్పని చెప్పి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. కాబట్టి మీ చుట్టం ఖమ్మం జిల్లా వాడైనంత మాత్రాన జామీనుకు పనికిరాడని ఎవరైనా అంటే, ఈ తీర్పు సంగతి ప్లీడరు గారికి గుర్తు చెయ్యండి. బెయిలు ఉత్తర్వు వచ్చి ఏడు రోజులైనా మనిషి జైల్లోనే వుంటే జైలు అధికారి న్యాయసేవా సంస్థకు తెలియజెయ్యాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. నెలరోజులైనా జామీను ఇవ్వలేకపోతే షరతు తగ్గించే విషయం కోర్టే స్వయంగా ఆలోచించవచ్చని కూడా చెప్పింది.

చివరగా ఒక మాట. బెయిలొచ్చిందంటే కేసు కొట్టేసినట్టు కాదు. వాయిదా తప్పితే వారంటు వస్తుంది, జామీను వున్న చుట్టం చిక్కుల్లో పడతాడు. పాలలెక్క రాసుకునే గోడ క్యాలెండరు మీదే వాయిదా తేదీలూ రాసుకోండి. దాని పక్కనే 15100 కూడా రాసిపెట్టండి. మనకు అక్కర పడకపోయినా పక్కింటి పిన్నిగారికి పనికిరావచ్చు.