లైన్ పోయిందా, రౌటర్ ఆగిందా?

నో-కోడ్ వర్క్‌ఫ్లో అంటే ప్రోగ్రాం రాయకుండా, తెరమీద డబ్బాలు పేర్చి, వాటిని గీతలతో కలిపి, ఏది జరిగితే ఏం చేయాలో కంప్యూటర్‌కు చెప్పే పద్ధతి. ఒక డబ్బా టైము చూస్తుంది, ఒకటి పరీక్ష చేస్తుంది, మరొకటి ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. ఆఫీసు నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండే పనిని చాలావరకు దీనికి అప్పగించవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లోని దర్శి లాంటి ఊళ్లకు ఇది మరీ అవసరం. నగర పంచాయతీ, బ్యాంకులు, ఆస్పత్రులు నెట్ మీదే నడుస్తున్నాయి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక చుట్టుపక్కల దొనకొండ, కురిచేడు, ముండ్లమూరు, తాళ్లూరు పల్లెల్లోనూ ధ్రువపత్రాల పని కంప్యూటర్ మీదికే వచ్చింది. నెట్‌వర్క్ తెలిసిన మనిషి మాత్రం ప్రతి ఆఫీసులో ఉండడు. “నెట్ రావడం లేదు” అనే ఒక్క మాట వెనుక కరెంటు పోయి ఉండవచ్చు, రౌటర్ ఆగి ఉండవచ్చు, స్తంభాల మీద ఫైబర్ తెగి ఉండవచ్చు, ఎక్కడో సర్వరే పడిపోయి ఉండవచ్చు. ఏదో తేలేలోపు పూట గడిచిపోతుంది. కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి అంతసేపూ వరుసలోనే ఉంటాడు.

ఆ తేడా పట్టడానికి చాలావరకు పింగ్ చాలు. 1983లో అమెరికాలో మైక్ మూస్ రాసిన ఈ చిన్న ప్రోగ్రాం ఒక యంత్రాన్ని పలకరించి, బదులు వచ్చిందో లేదో చూస్తుంది. ఈ పలకరింపును వర్క్‌ఫ్లోగా కూర్చడానికి, ఐబీఎంలో 2013లో పుట్టిన నోడ్-రెడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. అందులో ఐదు నిమిషాలకోసారి పరీక్ష పెట్టవచ్చు. రౌటర్ పలికి, బయటి చిరునామా పలకకపోతే తప్పు లైనుది. రెండూ పలికి, వెబ్‌సైట్ తెరుచుకోకపోతే చాలాసార్లు అవతలి సర్వర్‌ది. రౌటరే పలకకపోతే లోపం ఆఫీసులోనే. వరుసగా మూడుసార్లు బదులు రాకపోతేనే మెసేజ్ పంపమనాలి. ఊరికే మోగే ఫోన్‌ను వారం తిరక్కుండానే అందరూ పట్టించుకోవడం మానేస్తారు.

అసలు చిక్కు ఇక్కడుంది: లైను పోయిందన్న కబురు బయటికి వెళ్లవలసింది ఆ లైను మీదే. సిమ్ డాంగిల్ పెట్టడం ఒక ఉపాయం. అంతకంటే మేలైనది కాపలాను తిరగేయడం. ఆఫీసులో నోడ్-రెడ్ నడిపే పెట్టె ఐదు నిమిషాలకోసారి “ఉన్నాను” అని ఇంటర్నెట్‌లోని ఒక సేవకు చెబుతుంటుంది. పదిహేను నిమిషాలు ఆ పలుకు వినబడకపోతే ఆ సేవే సిబ్బంది ఫోన్‌కు కబురు పంపుతుంది. కరెంటు పోయినా, ఫైబర్ తెగినా, పెట్టె పాడైనా ఈ ఏర్పాటు పనిచేస్తుంది.

పెద్ద ఆఫీసులకు సిద్ధంగా దొరికేవీ ఉన్నాయి. రేణిగుంటలోనూ కార్యాలయం ఉన్న జోహో సంస్థ 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలైంది నెట్‌వర్క్ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌తోనే. దాని ఆప్‌మేనేజర్‌లో ఇలాంటి వర్క్‌ఫ్లోలను మౌస్‌తో లాగి కూర్చవచ్చు.

రౌటర్‌ను ఆపి మళ్లీ వెలిగించే పని కూడా అప్పగించవచ్చు, కానీ గంటకు ఒక్కసారికి మించకూడదన్న హద్దు పెట్టాలి. లేకపోతే బయట లైను తెగిన రోజున రౌటర్ ఆరుతూ వెలుగుతూనే ఉంటుంది. మొదటి నెల చూసి చెప్పడం వరకే ఉంచి, మార్చే అధికారం తర్వాత ఇవ్వడం క్షేమం. పాస్‌వర్డ్‌లు డబ్బాల్లో బాహాటంగా రాయకూడదు. నోడ్-రెడ్ తెరకూ పాస్‌వర్డ్ పెట్టాలి, దాన్ని బయటి ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచకూడదు. కూర్చిన ఉద్యోగి బదిలీ అయ్యేలోపు ఆ వర్క్‌ఫ్లో ఫైలు నకలు, ఏ డబ్బా ఎందుకుందో తెలుగులో రాసిన ఒక పేజీ ఆఫీసు రికార్డులో చేరాలి.