నాలుక కింద మాత్ర చేసే పని

గుండెజబ్బున్న పెద్దాయన చొక్కా జేబులో చిన్న మాత్రల అట్ట ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేస్తే అక్కడే కూర్చుని, ఒక సార్బిట్రేట్ నాలుక కింద పెట్టుకుంటాడు. కొద్ది నిమిషాల్లో ఛాతీ మీది బరువు దిగుతుంది, తల మాత్రం పగిలిపోతున్నట్టు నొప్పెడుతుంది. మాత్ర పడలేదనుకుంటాడు. పడింది. నాళాలను వదులు చేసే మందు గుండె దగ్గర ఆగదు, తలలోని నాళాలనూ వదులు చేస్తుంది. నొప్పి అందుకే.

ఆ పని చేసేది మాత్ర నుంచి ఒంట్లో వెలువడే ఒక వాయువు, నైట్రిక్ ఆక్సైడ్. ఒక నత్రజని పరమాణువు, ఒక ఆక్సిజన్ పరమాణువు, అంతే. బండ్ల పొగలోనూ ఉంటుంది. మత్తు డాక్టర్లు వాడే నైట్రస్ ఆక్సైడ్ వేరు. ఈ మాత్రల కుటుంబానికి పెద్దదైన నైట్రోగ్లిజరిన్‌తోనే ఆల్ఫ్రెడ్ నోబెల్ డైనమైట్ చేశాడు. 1896లో, చనిపోయే ఏడాది, ఆయన గుండెకూ డాక్టర్లు దాన్నే రాసిచ్చారు. అది ఎలా పనిచేస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

తెలియడానికి ఒక పొరపాటు కావలసి వచ్చింది. న్యూయార్క్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు బృహద్ధమనిని పట్టీలుగా కోసి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేస్తే పట్టీ బిగుసుకునేది. 1978లో పట్టీకి బదులు ఉంగరంలా కోసిన ముక్కలతో చేస్తుంటే సహాయకుడు మందుల వరుస తప్పాడు, ముక్క బిగుసుకోకుండా వదులైంది. ఆరా తీస్తే తేలిందేమిటంటే, పట్టీలు కోసేటప్పుడు లోపలి తట్టు రాపిడికి అక్కడున్న ఒంటి వరుస కణాల పొర ఊడిపోయేది. ఉంగరంలో అది మిగిలింది. పొర ఊడిన పట్టీకి పొర ఉన్న పట్టీని ఆనించి చూస్తే, ఊడినదీ వదులైంది! అంటే పొరలోంచి ఏదో బయటికొచ్చి పక్క కండరానికి చేరుతోంది. ఆ ఏదో నైట్రిక్ ఆక్సైడేనని 1986లో ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో ఎవరికి వారే ప్రతిపాదించారు. నైట్రోగ్లిజరిన్ ఈ వాయువునే వదులుతుందని ఫెరిడ్ మురాద్ 1977లోనే చూపాడు. 1998లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

ఆ పొర పేరు ఎండోథీలియం. రక్తం దాన్ని ఒరుసుకుంటూ పారినప్పుడల్లా అందులోని ఒక ఎంజైము ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తుంది. అది కొన్ని సెకన్లే బతుకుతుంది, ఆ కాస్తలోనే గోడలోని కండరాన్ని సడలిస్తుంది, ప్లేట్‌లెట్లు గోడకు అంటుకోకుండా చూస్తుంది. నడిస్తే రక్తం జోరుగా పారుతుంది, ఉత్పత్తి పెరుగుతుంది. నడక గుండెకు మంచిదనడంలో ఇదొక కారణం.

పొగ, షుగరు, బీపీ, చెడు కొలెస్ట్రాల్ ముందుగా దెబ్బతీసేది ఈ పొరనే. యాంజియోగ్రామ్‌లో అడ్డంకి కనబడడానికి ఏళ్ల ముందే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గడం మొదలవుతుంది. మనవాళ్లు రక్తనాళాన్ని నీళ్ల పైపులా చూస్తారు, స్టెంట్ వేయిస్తే పని అయిపోయిందనుకుంటారు. స్టెంట్ ఇరుకైన ఆ ముక్కను తెరుస్తుంది. మిగతా ఒళ్లంతా ఉన్నది అదే పొర. స్టెంటు తర్వాత బీడీ వెలిగించేవారికి ఇది గట్టిగా చెప్పాలి.

తోటకూర, పాలకూర, బీట్‌రూట్‌లలోని నైట్రేట్‌ను నోటిలోని బాక్టీరియా నైట్రైట్‌గా మారిస్తే, దాని నుంచి ఒంట్లో కొంత నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది. ఆకుకూర తినండి, కానీ మందు మానకండి. ఆర్జినిన్ పొడుల జోలికి సొంతంగా పోవద్దు: గుండెపోటు వచ్చినవారికి ఇచ్చి చూసిన అధ్యయనంలో మేలు కనబడలేదు, ఆర్జినిన్ తీసుకున్నవారిలోనే మరణాలు నమోదవడంతో దాన్ని మధ్యలో ఆపేశారు. ఫలితాలు 2006లో వెలువడ్డాయి.

ఇంకో మాట, మొహమాటం లేకుండా. అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్ కూడా నైట్రిక్ ఆక్సైడ్ చేసే పనినే నిలబెడుతుంది. దానికి సార్బిట్రేట్ తోడైతే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఛాతీనొప్పితో ఆసుపత్రికి వెళ్తే సిల్డెనాఫిల్ ఎప్పుడు వేసుకున్నారో డాక్టరుకు చెప్పండి, పక్కన ఎవరున్నా సరే. నాలుక కింద ఒక మాత్ర పెట్టుకున్నాక అయిదు నిమిషాలకూ నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.