నొప్పిని గంటల్లో కొలిస్తే

మన హాస్టల్లో చదివిన వాళ్ళలో ఎక్కువమందిమి కూలి చేసుకునే వాళ్ళ పిల్లలం. అమ్మకు నడుము నొప్పి, నాయనకు మోకాళ్ళ నొప్పి అన్నది మనకు కొత్త మాట కాదు. మూడు నెలలు దాటినా పోని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అది మనిషి పనిని ఎంత తినేస్తుందో కొలిచే పద్ధతులున్నాయని పి.జి.లో చేరాకే మాకు తెలిసింది.

వాటిలో బాగా వాడుకలో ఉన్నది డబ్ల్యూ.పి.ఎ.ఐ. అనే ప్రశ్నావళి. 1993లో వచ్చింది. ఆరే ప్రశ్నలు, మొదటిది తప్ప అన్నీ గడిచిన ఏడు రోజుల గురించే. నొప్పి వల్ల ఎన్ని గంటలు పనికి పోలేదు, ఎన్ని గంటలు పని చేశారు, చేసిన పనిని నొప్పి ఎంత దెబ్బతీసింది (0 నుంచి 10 వరకు) అన్నవి ముఖ్యమైనవి.

లెక్క చూద్దాం. వారానికి 48 గంటల పని. నొప్పితో ఒకరోజు, అంటే 8 గంటలు మానేశారు. మిగతా 40 గంటల పని మీద నొప్పి ప్రభావం 3 అన్నారు. అంటే 30 శాతం, 12 గంటలు. 8, 12 కలిపితే 20. మొత్తం 48లో 20 పోయినట్టు, దాదాపు 42 శాతం. హాజరు పట్టీలో మాత్రం 8 గంటలే కనిపిస్తాయి. పనికి వచ్చి కూడా నష్టపోయే ఆ 12 గంటలను బయటికి తీయడమే ఈ పద్ధతి గొప్పతనం.

ఇక మన ఇండ్లకు వద్దాం. బీడీలు చేసే అమ్మకు కూలి వెయ్యి బీడీల లెక్కన. చాట ఒళ్ళో పెట్టుకుని ఎనిమిది గంటల్లో వెయ్యి చేసే మనిషి, మెడ, నడుము పట్టేశాక పదకొండు గంటలు కూర్చుంటుంది. బీడీలు వెయ్యే, కూలీ అంతే. పోయిన మూడు గంటలు నిద్రలోంచి పోయాయి. ఈ ప్రశ్నావళి మానేసిన గంటలు అడుగుతుంది గానీ ఎక్కువ కూర్చున్న గంటలు అడగదు. పైగా మొదటి ప్రశ్నే జీతానికో కూలికో పని చేస్తున్నారా అని. కాదంటే నేరుగా ఆరో ప్రశ్నకు పోవాలి. ఇంటి చాకిరీ, పశువుల పని అంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఇమడాలి!

నడుము నొప్పికి 1980లో ఇంగ్లండులో వచ్చిన ఆస్వెస్ట్రీ సూచికలో పది అంశాలున్నాయి. కుర్చీలో ఎంతసేపు కూర్చోగలరు, బరువు ఎత్తగలరా, ఎంత దూరం నడవగలరు అని అడుగుతుంది. ఒంగి ఎంతసేపు ఉండగలరు అన్న అంశం లేదు. నాట్లేసే మనిషికి అదే కదా అసలు ప్రశ్న. కాబట్టి తెలుగులోకి మార్చినంత మాత్రాన సరిపోదని మా అభిప్రాయం.

మరో చిక్కు, 0 నుంచి 10లో ఎంత అంటే మనవాళ్ళు అంకె చెప్పరు. "ఏం నొప్పి బిడ్డా, ఉంటనే ఉంటది" అంటారు. దాన్ని సున్నా అని రాసుకుంటే లెక్కంతా తప్పుతుంది. సోషల్ వర్క్, నర్సింగ్, స్టాటిస్టిక్స్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ప్రాజెక్టుకు ఊర్లో సర్వే చేస్తే అంకె అడిగే ముందు ఇలా అడిగి చూడండి: ఇదివరకు వెయ్యి బీడీలు ఎంతసేపట్లో అయ్యేవి? ఇప్పుడెంత పడుతోంది? మునుం మధ్యలో నడుము ఎత్తి ఎన్నిసార్లు నిలబడుతున్నావు? రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు?