‘ఖాళీ లేదండీ’... షెల్టర్ ఆ మాట ఎందుకంటుంది?

రోడ్డు పక్కన దెబ్బ తగిలిన కుక్క కనిపిస్తే మనం చేసే మొదటి పని ఏంటి? ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం. రెండోది, గ్రూపులో ఎవరో ఇచ్చిన షెల్టర్ నంబరుకు ఫోన్ కొట్టడం. అవతలి నుంచి ‘ఖాళీ లేదండీ’ అని వినిపిస్తే మాత్రం కోపం నషాళానికి ఎక్కుతుంది. ‘జంతువుల కోసమేగా పెట్టారు, మరెందుకు?’ అని అదే గ్రూపులో నాలుగు మాటలు తిట్టేస్తాం.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వారంలో ఐదు రోజులు గచ్చిబౌలిలో కోడింగ్. శనివారాలు నగర శివార్లలోని ఒక చిన్న షెల్టర్‌లో వాలంటీర్‌ని. అక్కడ నాకు అప్పజెప్పిన పని కుక్కలకు స్నానం చేయించడం కాదు, ఎక్సెల్ షీట్ చూసుకోవడం. ఏ జంతువు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు వెళ్లింది, ఎందుకు ఇంకా ఇక్కడే ఉంది... ఇదే షీట్. ఆ వరుసలు చూస్తుంటే ఒకటి అర్థమవుతుంది. ‘ఖాళీ లేదు’ అనేది జాలి లేక వచ్చే మాట కాదు. అదొక లెక్క. ఆ లెక్కను మార్చొచ్చు కూడా.

నాలుగు ముప్ఫైలు నూట ఇరవై

క్యూల గురించి మాకు ఇంజినీరింగ్‌లో ఒక సూత్రం చెప్తారు. పేరు లిటిల్స్ లా. 1961లో జాన్ లిటిల్ అనే ఆయన దీన్ని నిరూపించారు. సర్వర్‌కైనా, బ్యాంకు క్యూకైనా, షెల్టర్‌కైనా ఒకటే లెక్క. రోజుకు ఎన్ని వస్తున్నాయి, ఒక్కోటి సగటున ఎన్ని రోజులు ఉంటోంది... ఈ రెండింటినీ గుణిస్తే లోపల సగటున ఎన్ని ఉంటాయో వచ్చేస్తుంది.

రోజుకు 4 కుక్కలు వస్తున్నాయి, ఒక్కోటి 30 రోజులు ఉంటోంది అనుకుందాం. 120 కుక్కలకు చోటు కావాలి. అదే ఉండే రోజులను 20కి తగ్గిస్తే 80 చాలు. కొత్తగా ఒక్క ఇటుక పేర్చకుండానే 40 కుక్కలకు చోటు దొరికినట్టు!

చోటు అంటే గది మాత్రమే కాదు, మనుషులు కూడా. ఒక్కో జంతువుకు తిండి పెట్టి, దాని గది కడగడానికి రోజుకు కనీసం 15 నిమిషాలు పడుతుందని అమెరికా షెల్టర్లలో చాలాకాలంగా ఒక అంచనా ఉంది. 120 కుక్కలంటే 30 గంటల పని. అంటే ఎనిమిది గంటల డ్యూటీ చేసే నలుగురు మనుషులు. మందులు, వాకింగ్, ఫోన్లు అన్నీ దీనికి అదనం. అందుకే షెల్టర్ డాక్టర్లు గదుల సంఖ్యను కాదు, ‘ఎన్నింటిని సరిగ్గా చూసుకోగలం’ అన్నదాన్నే కెపాసిటీ అంటారు.

ఆ గీత దాటితే ఏమవుతుంది? పార్వో వస్తుంది. టీకా పూర్తికాని పిల్లల్లో ఆ వైరస్ సోకితే వాంతులు, రక్త విరేచనాలు. రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. నేల మీద, గిన్నెల మీద నెలల తరబడి బతికే మొండి వైరస్ అది. ఇరుకుగా ఉన్న చోట ఒక పిల్లకు వస్తే పక్కవాటికి అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. మా షెల్టర్ నడిపే అక్క ఒకటే మాట అంటుంది: “గేటు దగ్గర వద్దనడం కష్టమే తమ్ముడూ. కానీ వద్దనలేక తీసుకున్నాక, లోపల వరసగా పోతుంటే చూడటం ఇంకా కష్టం.”

షెల్టర్ అంటే జీవితకాలం హాస్టల్ కాదు

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధి కుక్కల దాడిలో చనిపోయాడు. ఆ వీడియో చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. అందుకే ‘అన్నింటినీ పట్టి షెల్టర్‌లో పడేయండి’ అనేవాళ్ల భయాన్ని నేను తీసిపారేయను. పిల్లలున్న ఇంట్లో ఆ భయం నిజం.

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలను షెల్టర్లకు తరలించమంది. ఆగస్టు 22న ఆ ఆదేశాన్ని మార్చి, ఆపరేషన్, టీకా అయినవాటిని పట్టిన చోటే వదలాలనీ, రేబిస్ ఉన్నవాటినీ దూకుడుగా ఉండేవాటినీ మాత్రం వదలొద్దనీ చెప్పింది. నవంబరు 7న స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలాంటి చోట్ల నుంచి తీసిన కుక్కలను తిరిగి అక్కడ వదలకూడదంది. అంటే షెల్టర్ల మీద భారం ఇంకా పెరిగేదే తప్ప తగ్గేది కాదు.

అందుకే ప్లానింగ్‌లో మొదటి ప్రశ్న: మనం ఎవరి కోసం ఉన్నాం? ఆరోగ్యంగా ఉన్న వీధి కుక్కకు ఆపరేషన్, రేబిస్ టీకా, చెవికి గుర్తు చాలు. 2023 నాటి ఏబీసీ నిబంధనల దారి కూడా ఇదే. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక షెల్టర్‌లో గది ఎవరికంటే... యాక్సిడెంట్ అయినవాటికి, జబ్బు చేసినవాటికి, తల్లి లేని పిల్లలకు, యజమాని వదిలేసిన పెంపుడు వాటికి. ఈ నాలుగు లైన్లూ రాసి గోడకు అంటిస్తే సగం ప్లాన్ అయిపోయినట్టే. గేటు దగ్గర ఉన్న కుర్రాడికి ప్రతిసారీ గుండె రాయి చేసుకునే పని తప్పుతుంది.

క్యాలెండర్ కుక్కలది

చాలా షెల్టర్లలో ఈవెంట్ అంటే ఎవరికో ఐడియా వచ్చిన రోజు జరిగేది. అలా కాకుండా జంతువులకు ఎప్పుడు ఏం అవసరమో చూసి ఏడాది ముందే రాసుకుంటే లెక్క మారిపోతుంది.

• సంక్రాంతి: చైనా మాంజా మీద 2017 నుంచే నిషేధం ఉంది, అయినా పక్షుల రెక్కలు తెగుతూనే ఉన్నాయి. జనవరి మొదటి వారంలోనే పిల్లలతో ‘నూలు దారం పతంగులు’ వర్క్‌షాప్, పండగ మూడు రోజులూ పక్షులకు ఫస్ట్ ఎయిడ్ డెస్క్. కనుమ రోజు పశువులకు ఉచిత వైద్య శిబిరం. పశువులను పూజించే రోజు ఎలాగూ అదేగా!

• ఏప్రిల్, మే: అపార్ట్‌మెంట్ల ముందు నీళ్ల తొట్లు. ఖర్చు తక్కువ, కొత్త వాలంటీర్లు ఎక్కువ.

• జూన్, జులై: ఆపరేషన్ల క్యాంపులు. మన దగ్గర వీధి కుక్కలు ఎక్కువగా వానాకాలం చివర్లో కలుస్తాయి. సుమారు 63 రోజులకు పిల్లలు పుడతాయి. ఆగస్టు దాటాక మేలుకుంటే చలికాలంలో గేటు దగ్గర అట్టపెట్టెలు వరస కడతాయి.

• సెప్టెంబరు 28: ప్రపంచ రేబిస్ దినం. ఉచిత టీకా శిబిరం, స్కూల్లో అరగంట క్లాసు. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి అన్న రెండు విషయాలు పిల్లలకు గుర్తుంటే చాలు. అంతకంటే సక్సెస్ ఏముంటుంది?

• దీపావళికి ముందు వారం: టపాసుల చప్పుడుకు పారిపోయే పెంపుడు కుక్కల కోసం ఫోన్ నంబరుతో మెడపట్టీలు. తప్పిపోయిన కుక్క నేరుగా ఇంటికి చేరితే షెల్టర్‌లో ఒక గది మిగిలినట్టే.

• నవంబరు నుంచి: ఫాస్టర్ డ్రైవ్. కుక్కపిల్లలను కొన్ని వారాలు ఇంట్లో ఉంచుకునే కుటుంబాల కోసం. పార్వో నుంచి పిల్లలను కాపాడటానికి ఇంటికి మించిన చోటు లేదు.

సెల్ఫీలు కాదు, ఫారాలు

దత్తత మేళాలు మనకిప్పుడు కొత్త కాదు. 2025 ఆగస్టులో జీహెచ్ఎంసీ కూడా బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో దేశీ కుక్కపిల్లల కోసం ఒకటి పెట్టింది. మంచిదే. అయితే జనం ఎంతమంది వచ్చారన్నది కొలత కాదు. మాల్‌లో మ్యూజిక్ పెట్టి చేసిన మేళాలో సెల్ఫీలు బోలెడు వస్తాయి, కుక్కలు బెదురుతాయి. అపార్ట్‌మెంట్ లాన్‌లో సాయంత్రం పూట నాలుగు కుక్కలతో చేసే చిన్న మీటింగ్‌కు పది కుటుంబాలు వచ్చినా, వాటిలో ఇంటి ఓనరు అనుమతి ఉన్నవాళ్లు, వయసుపైబడిన కుక్కనైనా తీసుకునేవాళ్లు దొరుకుతారు.

మా దగ్గర మూడు కాళ్ల నల్ల కుక్క ఒకటి ఉండేది. పేరు బొగ్గు. నా షీట్‌లో దాని వరుస ఏడాది దాటినా అలాగే ఉండిపోయింది. మేళాల్లో అందరూ ‘అయ్యో పాపం’ అనేవాళ్లు, పక్కనున్న పిల్లను ఎత్తుకునేవాళ్లు. చివరికి అలాంటి ఒక లాన్ మీటింగ్‌లోనే రిటైరైన టీచరు దంపతులు దాని పక్కన కుర్చీ వేసుకుని గంటసేపు కూర్చున్నారు. “మేం కూడా మెల్లగానే నడుస్తాంగా” అన్నారు. అంతే!

కుక్కను పంపించేశాక అసలు పని మొదలవుతుంది. కొత్త ఇంట్లో మూడు రోజులు భయం, మూడు వారాల్లో అలవాటు, మూడు నెలలకు ‘ఇది నా ఇల్లు’ అనే ధీమా... ఇది షెల్టర్లలో అందరూ చెప్పే మూడు మూళ్ల లెక్క. ఆ మూడుసార్లూ ఒక్కో ఫోన్ చేస్తే వెనక్కి వచ్చే కుక్కలు తగ్గుతాయి.

డబ్బు సంగతి

కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కు ఖర్చు పెట్టాలి. ఆ జాబితాలో జంతు సంక్షేమం కూడా ఉంది. మీ కంపెనీ సీఎస్ఆర్ టీమ్‌కు ఈ సంగతి తెలుసా? ఒక మెయిల్ పెట్టండి. కాకపోతే కంపెనీలు అంబులెన్స్ ఇచ్చినంత ఉత్సాహంగా దాని డ్రైవర్ జీతం ఇవ్వవు. నెలనెలా తిండి, మందులు, జీతాలు నడిచేది చిన్న చందాలతోనే. 200 మంది నెలకు రూ.300 ఇస్తే రూ.60 వేలు. పండగకు ఒకేసారి వచ్చే లక్ష కన్నా, ప్రతి నెలా తప్పకుండా వచ్చే ఈ అరవై వేల మీదే ప్లాన్ వేయగలం. అందుకే ప్రతి ఈవెంట్‌లోనూ హుండీ పక్కన నెలవారీ చందా క్యూఆర్ కోడ్ తప్పకుండా ఉండాలి.

మీ వంతు

కుక్కలంటే ప్రేమ ఉన్నవాళ్లు షెల్టర్లకు కొరత లేదు. డేటా షీట్ చూసేవాళ్లు, పోస్టర్ డిజైన్ చేసేవాళ్లు, మూడో వారం ఫోన్ కాల్ గుర్తుపెట్టుకుని చేసేవాళ్లే కొరత. జంతువుల దగ్గర పనిచేయాలనుకుంటే ముందుగా డాక్టరును అడిగి రేబిస్ ముందస్తు టీకా వేయించుకోండి. మీకు దగ్గర్లోని షెల్టర్‌కు వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: “ఇక్కడ అందరికంటే ఎక్కువ రోజులుగా ఉన్నది ఎవరు?” వాళ్లు చూపించిన కుక్క ఫోటోను ఈసారి మీ గ్రూపులో పెట్టండి.