కళ్ళు లేని జీవికి దారి చూపేదెవరు?

దేవరగట్టు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల చేలలో వేరుశనగ మీకు బాగా తెలిసిన పంటే. మన వైపు బుడ్డలంటాం. ఒక మొక్కను వేళ్ళతో సహా జాగ్రత్తగా పెకలించి చూడండి. వేళ్ళకు ఆవగింజలంత బుడిపెలు కనిపిస్తాయి. అది తెగులు కాదు. వాటిలో రైజోబియం తెగకు చెందిన బాక్టీరియా కాపురముంటాయి. అవి గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మార్చి ఇస్తాయి. బదులుగా మొక్క వాటికి ఆహారం పెడుతుంది.

మరి కళ్ళూ ముక్కూ మెదడూ లేని ఈ ఏకకణజీవులు మట్టిలో వేరు జాడను ఎలా కనుక్కుంటాయి?

వేళ్ళు కొన్ని రసాయనాలను మట్టిలోకి వదులుతాయి. బాక్టీరియా వాటిని పసిగట్టి అటువైపు కదులుతాయి. దీనినే రసాయనానుచలనం లేక కీమోటాక్సిస్ అంటారు. ఇది ఎక్కువగా పరిశోధించబడింది మన పేగులలో ఉండే ఈ. కోలై అనే బాక్టీరియాలో. రైజోబియంలో వివరాలు కొంత వేరుగా ఉన్నా మూలసూత్రం ఒకటే.

అవి తిండి తిన్న తరువాతనే దాని రుచి తెలుసుకుంటాయా? అమెరికా శాస్త్రజ్ఞుడు జూలియస్ ఆడ్లర్ 1969లో దీనికి జవాబు చెప్పాడు. గాలక్టోజు అనే చక్కెరను అరిగించుకోలేని బాక్టీరియా కూడా దానివైపు ఈదాయి! అంటే రసాయనాన్ని గుర్తించే ప్రత్యేక ప్రొటీన్లు వాటికి ఉన్నాయన్నమాట. ఇవే గ్రాహకాలు.

ఇక ఈత సంగతి. కన్ను పొడిచినా కానరాని చీకటిలో, దివిటీ లేకుండా మీరు దేవరగట్టు ఎక్కాలనుకోండి. ఏం చేస్తారు? అడుగు పైకి పడుతుంటే అలాగే సాగండి. కిందికి పడితే ఆగి, ఎటో ఒకవైపు తిరిగి మళ్ళీ నడవండి. దారి వంకరటింకరగా ఉన్నా చివరికి పైకే చేరతారు. ఈ. కోలై చేసేది ఇదే. సుమారు ఒక సెకను తిన్నగా ఈదుతుంది, సెకనులో పదోవంతు పల్టీ కొడుతుంది, కొత్త దిక్కు పడుతుంది. రసాయనం పెరుగుతుంటే పల్టీలు తగ్గిస్తుంది. హోవర్డ్ బెర్గ్ 1972లో ప్రత్యేకమైన సూక్ష్మదర్శినితో ఈ నడకను గమనించాడు.

ఈదేందుకు దానికి కశాభాలనే సన్నని తోకలున్నాయి. అవి కొరడాలా ఊగవు. మోటారుకు తగిలించిన మరలా సెకనుకు వంద సార్లకు పైగా తిరుగుతాయి. గడియారం ముళ్ళకు ఎదురుగా తిరిగితే జడలా పెనవేసుకొని ముందుకు నెడతాయి. ముళ్ళ దిశలో తిరిగితే జడ విడిపోయి పల్టీ.

దీనికంతటికీ సుమారు 50 జన్యువులు కావాలి. కొన్ని తోకను, మోటారును తయారు చేయిస్తాయి, కొన్ని గ్రాహకాలను. మిగిలినవి కబురు మోసేవాటిని. రసాయనం తగ్గితే కీ-ఎ అనే ప్రొటీన్ కీ-వై అనే ప్రొటీనుకు ఫాస్ఫేటును అందిస్తుంది. కీ-వై వెళ్ళి మోటారు దిశ మారుస్తుంది. తరువాత కీ-జెడ్ ఆ ఫాస్ఫేటును ఊడదీస్తుంది. కీ-వై జన్యువు చెడితే బాక్టీరియా పల్టీ కొట్టలేక తిన్నగా పోతూనే ఉంటుంది. తోకలన్నీ ఉన్నా దారి తెలియదు! మరి కీ-జెడ్ జన్యువు చెడితే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

ఇది రైతుకు సంబంధించిన విషయం కూడా. లూసర్న్ పశుగ్రాసపు వేళ్ళలో ఉండే రైజోబియంపై 1981లో వెలువడిన పరిశోధనలో, ఈదలేని రకాలు ఈదగల రకాలతో పోటీపడినప్పుడు బుడిపెలు వేయడంలో వెనుకబడ్డాయి. అయితే మట్టి రేణువుల నడుమ నీటిపొర ఉంటేనే ఈత. వానను నమ్ముకున్న మన చేలలో బాక్టీరియా ఎక్కువ దూరం ఈదలేదు. అందుకే రైజోబియం కల్చరును విత్తనానికే పట్టించి విత్తుతారు. వేరు పుట్టే చోటికే దానిని చేరుస్తారన్నమాట.

పూత దశలో ఉన్న మొక్క దొరికితే ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల ఎర్రగా ఉంటే ఆ చిన్న కార్మికులు దారి తప్పకుండా వచ్చి, పనిలో ఉన్నట్టే.