ఆరు మెట్ల దూరము

చక్రాల కుర్చీలో వచ్చు శ్రోతకు చోటు చూపుట సంగీతశాలలు మెల్లగా నేర్చుకొనుచున్నవి. అదే కుర్చీలో కళాకారుడు వచ్చినచో?

మా మేనమామ నలువది సంవత్సరములు వయొలిను వాయించెను. అందు సగమునకు పైగా కచేరీలు మా ఊరి సభామందిరముననే జరిగినవి. ఆ వేదికకు ఎడమప్రక్కన ఎన్ని మెట్లు కలవో ఆయనకు గాని, వాద్యపు పెట్టెను మోయుచు ఆయన వెంట నడచిన నాకు గాని ఒకనాడును లెక్కింపవలెనని తోచలేదు. పక్షవాతము వచ్చి, ఎడమకాలు చచ్చుబడి, ఆయన చక్రాల కుర్చీలో తిరుగుట మొదలైన రెండవ యేట, అదే సభవారు ఆయనకు సన్మానము తలపెట్టి మమ్ము పిలిచినప్పుడు లెక్కించితిమి. అవి ఆరు.

నిర్వాహకులు మంచివారు. "మాస్టారూ, మీరు శ్రమపడకండి, మేమే కిందికి దిగివస్తాం" అనిరి. అన్నట్లే అధ్యక్షుడు, శాలువా, జ్ఞాపిక, పూలదండ, ఫొటోగ్రాఫరు వరుసగా దిగివచ్చిరి. సభ యావత్తును లేచి నిలిచి చప్పట్లు కొట్టెను. నిలిచినవారి వీపుల నడుమ కూర్చున్న ఆయన ఎవ్వరికిని కనబడలేదు. ఇంటికి మరలి వచ్చునప్పుడు ఆయన ఒక్క మాట మాత్రము అనెను: "శాలువా కిందికి వచ్చిందిరా. నేనే పైకి వెళ్ళలేదు."

ఆ మాటను నేను చాలాకాలము మనసున త్రిప్పుకొంటిని. సంగీతశాలకు రెండు ద్వారములుండును. ఒకటి వినవచ్చినవానిది, రెండవది వినిపింపవచ్చినవానిది. చక్రాల కుర్చీ మొదటి ద్వారమున రావచ్చునని తలచి, ఆలస్యముగనైనను, ఒక్కొక్కచోట అయిష్టముగనైనను, దానికొక ఏటవాలు బాట కట్టుట లోకము నేర్చినది. అది రెండవ ద్వారమున కూడ రాగలదను ఊహ మాత్రము కట్టడములు గీయువారికిని, సభలు నడపువారికిని, చప్పట్లు కొట్టు మనకును ఇంకను కలుగలేదు. వికలాంగుడు వినువాడే గాని వినిపించువాడు కాడని ఎవ్వరును పైకి చెప్పని తీర్మాన మొకటి మన మందిరములలో రాతిమెట్ల రూపమున నిలిచియున్నది.

మహాశాలలోను అంతే

ఇది చిన్న ఊళ్ళ లోపమని తలచువారికి న్యూయార్కు నగరపు రేడియో సిటీ మ్యూజిక్ హాలును చూపవలసియుండును. 1932లో తెరువబడిన ఆ శాలయందు సుమారు ఆరువేలమంది కూర్చుండవచ్చును. 2019 జూన్ 9వ తేదీ రాత్రి అచ్చట నాటకరంగపు టోనీ బహుమతుల ప్రదానము జరుగుచుండగా, 'ఓక్లహోమా!' సంగీతనాటకమున నటించి పాడిన ఆలీ స్ట్రోకర్ పేరు పిలిచిరి. రెండేండ్ల ప్రాయమున కారు ప్రమాదమునకు గురియై నాటినుండియు చక్రాల కుర్చీలోనే సంచరించు ఆమె, ఆ కుర్చీలో ఉండి టోనీ బహుమతిని గెలిచిన నటీనటులలో మొదటిది. తక్కిన విజేతలు తమవారి నడుమనుండి లేచి, ఆలింగనములు పొంది, మెట్లెక్కి వేదిక చేరుచుండగా, ఆమె మాత్రము ముందుగనే తెరవెనుక వేచియుండి ప్రక్కనుండి రావలసివచ్చెను; ప్రేక్షకస్థానమునుండి వేదికపైకి చక్రములు పోవు దారి లేకపోవుటయే కారణము. మరికొంతసేపటికి ఆ నాటకమునకే ఉత్తమ పునఃప్రదర్శన బహుమతి వచ్చి బృందము వేదికనెక్కినప్పుడు ఆమె వారితో లేకపోయెను. పిమ్మట పత్రికలవారితో మాటలాడుచు, నాటకశాలలు ప్రేక్షకులకు సౌకర్యములు కల్పించుచున్నవి గాని తెరవెనుక ప్రదేశమును మరచుచున్నవని ఆమె చెప్పెను. మా మేనమామ తెలుగున చెప్పినదియు ఇంచుమించు ఇదియే.

వయొలిను లోకమున ఇట్జాక్ పెర్ల్‌మన్ పేరెరుగనివారుండరు. నాలుగేండ్ల వయసున పోలియో సోకినది. పదమూడేండ్లకు, 1958లో, ఎడ్ సలివాన్ టెలివిజను కార్యక్రమమున వాయించి అమెరికాను ఆకర్షించెను. ఏకవాదకులు నిలిచి వాయించుట పాశ్చాత్యుల ఆచారము కాగా ఆయన ఊతకఱ్ఱలతో వచ్చి, లేదా విద్యుచ్ఛక్తితో నడచు చిన్న బండిపై వచ్చి, కూర్చుండి వాయించును. ఆయనను గూర్చి ఒక కథ దేశదేశముల వ్యాపించియున్నది: కచేరీ నడుమ ఒక తంత్రి ఫెళ్ళున తెగగా, మిగిలిన మూడింటితోనే రచన నంతయు పూర్తిచేసెనట. దానికి ఆనాటి పత్రికలలో ఆధారము కానరాదని పరిశీలించినవారందురు. అయినను ఆ కథ చావదు. ఇంతకాలముగా ఆయన స్వయముగా చెప్పుచు వచ్చినది మెట్లను గూర్చి, ద్వారములను గూర్చి, వికలాంగులను తలపని కట్టడములను గూర్చి; అవి మాత్రము ఎవ్వరి నోటను కథలు కాలేదు. మూడు తంత్రుల అద్భుతమునకు కన్నీరు కార్చువారము, మూడు మెట్ల మాట వచ్చునప్పటికి చెవి యొగ్గము. ఏలయన అద్భుతమునకు ఖర్చు లేదు.

అమెరికాలోని డులూత్ నగరపు వయొలిను కళాకారిణి గేలిన్ లీ ఈ విషయమున మరింత కఠినమైన వ్రతము పట్టినది. పుట్టుకతోనే పెళుసు ఎముకల వ్యాధి గల ఆమె వయొలినును చెల్లోవలె ఎదుట నిలువుగా నిలిపి వాయించును. 2016లో అచ్చటి జాతీయ రేడియోవారు జరుపు టైనీ డెస్క్ పోటీలో ఆరువేలకు పైబడిన అభ్యర్థులలో ఆమెయే ఎన్నికయ్యెను. కచేరీలకై ఊరూర తిరుగు తొలినాళ్ళలో, వేదిక నెక్కలేనిచోట దాని ముందు నేలపైననే వాయించెడిది. పిమ్మట, తనకు దారిలేని వేదికలున్నచోట వాయింపనని నిశ్చయించుకొన్నది. గాయని లాచీతో కూడి వికలాంగ సంగీతకారులకై ఒక సంఘమును నిలిపి 2022లో లోకమునకు పరిచయము చేసినది. దాని పొడి అక్షరములను కూర్చి పలికినచో 'ర్యాంప్‌డ్' అగును.

ముప్పదియారడుగుల లెక్క

మెట్లు కట్టుట సులభమెందుకనగా అవి చోటు తినవు. ఆరంగుళముల మెట్లు ఆరు వేసినచో మూడడుగుల ఎత్తునకు చేరవచ్చును. అవి ఆక్రమించు నేల ఐదారడుగులు. చక్రములకైనచో అంగుళము ఎత్తునకు పన్నెండంగుళముల నిడివి వలయును. ఇంతకంటె నిటారుగ నుండరాదని మన దేశపు ప్రమాణములును, అమెరికా ప్రమాణములును చెప్పుచున్నవి. అనగా మూడడుగుల వేదికకు ముప్పదియారడుగుల బాట, నడుమ ఆగి చేతులకు విశ్రాంతి నిచ్చుకొనుటకు ఐదడుగుల చదును నేల. నక్షా గీయునాడే కేటాయింపక, కట్టడము ముగిసిన పిదప అతికింపబోయినచో, అది కుర్చీల వరుసలనైన మింగును, లేనిచో ఎక్కుటకు గుండెయు, దిగుటకు అదృష్టమును వలయు జారుబల్ల యగును. చోటు లేనిచోట నిలువుగా లేచు చిన్న లిఫ్టు అమర్పవచ్చును. అయితే దాని తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో కచేరీనాడు తెలిసియుండవలెను.

"నలుగురం ఉన్నాం గదండీ, ఎత్తి పెట్టేస్తాం" అనునది మన సభలలో తరచుగా వినవచ్చు మాట. అందలి ఆదరము నిజమైనదే. కాని బ్యాటరీతో నడచు కుర్చీలు కొన్ని నూరు కిలోలు దాటును; మెట్టుమీద ఒక్కని పట్టు తప్పినచో ఐదుగురును పడుదురు. పడకపోయినను, శ్రుతి చూచుకొని మనస్సును రాగమునందు నిలుపుకొనవలసిన నిమిషమున, గాయకుడు నలుగురి భుజములపై మూటవలె ఊగుచు, సభ యంతయు చూచుచుండగా వేదిక చేరవలసియుండును. ఏ విద్వాంసుని నైన అట్లు తెచ్చి కూర్చుండబెట్టి షడ్జమము పలుకుమన్నచో ఎట్లుండునో ఊహింపుడు.

శ్రోతల విషయమునను లెక్కలు లేకపోలేదు. 1990 మార్చి 12వ తేదీన అమెరికా పార్లమెంటు భవనపు మెట్లమీద పలువురు వికలాంగులు తమ కుర్చీలను, ఊతకఱ్ఱలను విడిచి చేతులతో ప్రాకుచు ఎక్కిరి. ఆ సంవత్సరమే జూలై 26వ తేదీన వారి హక్కుల చట్టము పుట్టెను. దాని ననుసరించిన ప్రమాణముల ప్రకారము వేయి ఆసనముల శాలయందు కనీసము పది చోట్లు చక్రాల కుర్చీలకు విడువవలెను. ప్రతిదాని చెంతను తోడు వచ్చినవారికి ఒక ఆసనముండవలెను. అవన్నియు ఒక మూలన గాక శాలయందు పలుతావుల నుండవలెను. ముందువారు లేచి నిలుచు అలవాటున్నచోట, వారు నిలిచినను వేదిక కనబడవలెను. ఈ కడపటి నియమమును చదివినప్పుడు నాకు చప్పట్లు కొట్టుచు నిలిచిన మా ఊరి సభయు, ఆ వీపుల వెనుకనున్న తెల్లని తలయు జ్ఞప్తికి వచ్చినవి.

చక్రములు చెప్పులా, పాదములా?

మన కచేరీకి పాశ్చాత్యశాలల కొలతలు మాత్రమే చాలవు. మన విద్వాంసులు తివాచీపై బాసిపట్టు వేసికొని కూర్చుందురు. మృదంగము, వయొలిను, తంబుర నేలమీదనే యుండును. నడుమ ఒకరు కుర్చీలో ఉన్నచో చూపులు కలియవు. తనియావర్తనమునకు ముందు గాయకుడు కనుసైగ చేసినను ప్రక్కవాద్యకారుడు తల పైకెత్తవలెను. పెద్దలు నేలపై నుండగా తాను ఎత్తున కూర్చుండుటకు వెరచు శిష్యులును కలరు. దీనికి ఉపాయము కష్టమైనది కాదు: తక్కినవారికి అడుగున్నర ఎత్తు బల్ల వేసి అందరిని సమముగ కూర్చుండబెట్టవచ్చును. మైకు కడ్డీ ఎత్తు మార్చుటకు రెండు నిమిషములు పట్టును.

పాదరక్షలతో వేదిక నెక్కరాదను నియమము మనకు ప్రాణసమానము. వీధిలో తిరిగిన చక్రములు వేదికపైకి రావచ్చునా యని సందేహించువారున్నారు. నడువలేని వానికి చక్రములు చెప్పులు గావు, పాదములు. పాదములు కడుగుకొని వచ్చుట ఎట్టి శుచియో, తడిగుడ్డతో చక్రములు తుడుచుటయు అట్టి శుచియే. ఈపాటి ధర్మనిర్ణయమునకు శాస్త్రులను సమావేశపరుపనక్కరలేదు. నాట్యగురువు సయ్యద్ సలావుద్దీన్ పాషా శిక్షణలో చక్రాల కుర్చీల నర్తకులు భరతనాట్యమును సైతము ఆడుచున్నారు. అచ్చట చక్రము తిరుగుటయే భ్రమరి.

ఇక గ్రీన్‌రూము. కుర్చీ పట్టని తలుపు, గడప, నిలుచున్నవారికే ముఖము చూపు అద్దము, లోపలికి పోజాలని మరుగుదొడ్డి: మూడు గంటల కచేరీకి వచ్చిన కళాకారుడు ఉదయమునుండి నీరు త్రాగుట మానుకొనుట కివి చాలును. గాయకునికి గొంతు తడియుండవలెనని ఎవ్వరికి తెలియదు?

చట్టము చెప్పినది

2011 జనగణన ప్రకారము మన దేశమున వికలాంగులు 2.68 కోట్లమంది, అందు కదలికకు సంబంధించిన వైకల్యము గలవారు 54 లక్షలు. వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19న అమలులోనికి వచ్చెను. దాని 29వ సెక్షను వికలాంగులైన కళాకారులకు, రచయితలకు సౌకర్యములును, ప్రోత్సాహమును కల్పింపవలెనని ప్రభుత్వములకు విధించినది. 45వ సెక్షను, నిబంధనలు వెలువడిన ఐదేండ్లలోపల ప్రజోపయోగ భవనము లన్నింటిని అందుబాటులోనికి తేవలెనన్నది. నిబంధనలు 2017 జూన్‌లో వెలువడినవి. ఐదేండ్లు 2022లో నిండినవి.

రాజీవ్ రతూరి 2005లో వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు కోరగా, హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమువారు దేశమునందలి స్థితిని పరిశీలించి నివేదిక సమర్పించిరి. 2024 నవంబరు 8వ తేదీన న్యాయస్థానము తీర్పు చెప్పుచు, చట్టము తప్పనిసరి యన్నదానిని నిబంధన వట్టి సూచనగ మార్చినదని ఎత్తిచూపి, ఆ నిబంధనను చెల్లదని కొట్టివేసి, తప్పక పాటింపవలసిన ప్రమాణములను మూడు నెలలలో రూపొందింపుమని కేంద్రమును ఆజ్ఞాపించెను. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదింపగా మన దేశము మరుసటి యేట ధ్రువపరచిన ఒడంబడికలోని 30వ అధికరణము ఇంకొక మెట్టు పైకి పోయినది: వికలాంగుల కళాశక్తిని వికసింపజేయుట వారి మేలు కొరకు మాత్రమే గాక సమాజము సంపన్నమగుటకును అని దాని భావము. అనగా ర్యాంపు లేని వేదిక వలన నష్టపడువారిలో శ్రోత కూడ నున్నాడు.

ఒక బాలుని కొరకు

థాలిడోమైడ్ మందు వలన వికలాంగుడై జన్మించిన జర్మను గాయకుడు థామస్ క్వాస్ట్‌హోఫ్‌ను, పియానో వాయింపలేడను కారణమున హానోవర్ సంగీత విద్యాలయము చేర్చుకొనలేదు. నియమము నియమమే. ఆయన వేరుగ చదివి, 1988లో మ్యూనిక్ పోటీని గెలిచి, తుదకు బెర్లినులో సంగీతాచార్యుడయ్యెను.

అందుకు ఎన్నో యేండ్లకు పూర్వమే మన విజయనగరమున ఇంకొక రీతి జరిగినది. ఆస్థానోద్యోగి చాగంటి జోగారావుగారి కుమారుడు గంగరాజు అంధుడు, సంగీతాభిలాషి. ఆ బాలునికి విద్య గరపుటకు దారి చూపవలెనని విజయరామ గజపతి మహారాజు తలచి, 1919 ఫిబ్రవరి 5న సంగీత కళాశాలనే నెలకొల్పెను. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. చూపు మందగించిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు విద్యార్థిగ చేరవచ్చి వయొలిను ఆచార్యులుగ నియమితులై, 1936లో అధ్యక్షులైరి. పిమ్మట ఘంటసాల, సుశీల అచ్చటనే చదివిరి. ఒక్కని కొరకు తెరిచిన తలుపు తెలుగుజాతి పాటకంతటికిని ద్వారమయ్యెను.

కావున చదువరులకు ఒక మనవి. ఈసారి ఏ కచేరీకి పోయినను, మీ ఇంట చక్రాల కుర్చీ ఉన్నను లేకున్నను, టిక్కెట్టు కొనునప్పుడో సభ్యత్వపు చందా కట్టునప్పుడో నిర్వాహకులను ఒక్క ప్రశ్న అడుగుడు: "వేదిక మీదికి మెట్లు లేని దారి ఉందా అండీ?" అడుగువారు లేనంతకాలము అది ఎవ్వరి పనియు కాదు.

నిరుడు మా ఊరి మందిరమునకు మరమ్మతులు జరిగినవి. వేదికకు క్రొత్త తెర వచ్చినది. మెట్లకు నల్లరాతి పలకలు పరచిరి. చూచుటకు పోయినవాడను, అలవాటు చొప్పున లెక్కించితిని. ఆరే ఉన్నవి.